చాంద్‌మారీ: గురి ఎవరిది, దెబ్బ ఎవరికి?

ముసల్మాను చేతిలో తుపాకి పెట్టకపోతే మన సినిమాకీ తోచదు, మన చరిత్ర పుస్తకానికీ తోచదు. పుస్తకంలోనైతే చచ్చిన పులి పక్కన మీసం మెలేసి నిలబడ్డ నవాబు. సినిమాలోనైతే గళ్ళ రుమాలు మొహానికి చుట్టుకున్న టెర్రరిస్టు. ఈ రెండు బొమ్మల మధ్య ఇన్ని వందల ఏళ్ళుగా ఈ నేల మీద బతుకుతున్న దూదేకులాయన, కటికాయన, గాజుల మలారం మోసే ఆయన, బీడీలు చుట్టే ఆమె ఎక్కడున్నారు? మా తాతల చేతుల్లో నిజంగా ఏముంది? తుపాకి ఉంటే ఎట్లాంటి తుపాకి? దాన్ని ఎవరు ఇచ్చారు, ఎవరు గుంజుకున్నారు? ఈ ప్రశ్నలు మమ్మల్ని ఎవరూ అడగలేదు. అందుకే మేమే వేసుకుంటున్నాం.

ఉర్దూలో చాంద్‌మారీ అని ఒక మాట ఉంది. చాంద్ అంటే ఆకాశంలో చంద్రుడే కాదు. గురిపలక నడిమధ్య ఉండే గుండ్రటి గుర్తును కూడా చాంద్ అనే అంటారు. ఆ గుర్తును కొట్టడం నేర్చుకోవడం చాంద్‌మారీ. పటాలాలు దిగిన ఊళ్ళల్లో కాల్పులు సాధన చేసే మైదానానికి కూడా ఆ పేరే వచ్చింది. దూరాన గువాహటి నగరంలో ఒక పేటకు ఈ రోజుకీ అదే పేరు. వేటకు ముందు దొరలు చేసే సాధన కూడా చాంద్‌మారీయే.

ఇంకో మాట షికారు. ఫారసీ నుంచి ఉర్దూలోకి, ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చింది. అక్కడ దాని అర్థం వేట. తెలుగులోకి వచ్చేసరికి సాయంత్రం పూట చల్లగాలికి తిరగడం షికారయింది. మాట ఇట్లా మారడంలో కూడా చరిత్ర ఉంది. వేటకు పోయే దొరను దూరం నుంచి చూసిన జనానికి అది తిరుగుడుగానే కనిపించింది. దొరకు నిజంగానే అది తిరుగుడే. అడవిలో ఆయన ముందు డప్పు కొట్టుకుంటూ నడిచినవాడికి మాత్రం అది షికారు కాదు.

దక్కనులో వేటకు ఒక కాలం ఉండేది. వానాకాలం గడ్డి మనిషెత్తు పెరిగి అడవి మూసుకుపోయేది. వానలు వెనకపట్టి చలి మొదలయ్యాక చెరువుల మీదికి ఉత్తరాది బాతులు దిగేవి. తడి మళ్ళల్లో ఉల్లంకులు, చేలగట్ల మీద కౌజులు, పూరేళ్ళు దొరికేవి. అది పిట్టల వేట కాలం. పులివేట ఎండాకాలంలో. ఏప్రిల్, మే నెలల్లో వాగులు ఎండిపోయి ఎక్కడో ఒకటి రెండు మడుగుల్లోనే నీళ్ళు మిగులుతాయి. ఆకురాలిన అడవిలో చూపు దూరం ఆనుతుంది. పులి ఆ మడుగును విడిచి దూరం పోదు. అంటే వేటకాలాన్ని నిర్ణయించింది దొర ధైర్యం కాదు, మృగం దాహం.

ఆ కాలం రాకముందే దేవుళ్ళలో, బంగళాల్లో, కోటల వెనక మైదానాల్లో చాంద్‌మారీ మొదలయ్యేది. పెట్టెలోంచి తుపాకి తీసి, నాలీలో ఉన్న నూనె అంతా గుడ్డతో తుడిచేవాళ్ళు. నూనె మిగిలిన నాలీలోంచి మొదటి గుండు తిన్నగా పోదు. ఇసుక సంచీ మీద తుపాకి ఆనించి మొదట 25 గజాల దూరంలో, తర్వాత 50, తర్వాత 100 గజాల దూరంలో గురిపలక నిలిపేవాళ్ళు. మూడు గుళ్ళు వరసగా కాల్చాలి. మూడూ ఒకేచోట దగ్గర దగ్గరగా పడితే, అవి చాంద్‌కు ఎడంగా పడ్డా దిగులు లేదు. నాలీ కొసన ఉండే మక్ఖీని గాని, వెనక ఉండే దీదబాన్‌ను గాని కాస్త జరిపితే సరిపోతుంది. మూడు గుళ్ళు మూడు దిక్కులకు పోతే మాత్రం తప్పు చాలాసార్లు తుపాకిది కాదు, పట్టినవాడిది. కుందాను భుజానికి గట్టిగా ఆనించాలి. షిస్తు కట్టాలి. ఊపిరి సగం వదిలి ఆపాలి. లబ్‌లబీని లాగకూడదు, మెల్లగా నొక్కాలి. ఎప్పుడు పేలుతుందో తనకే తెలియనంత మెల్లగా నొక్కినవాడి గుండు తిన్నగా పోతుంది. మచాన్ మీద కూర్చుని కిందికి కాల్చేటప్పుడు నేల మీద నేర్చిన లెక్క పనికిరాదు. నిట్టనిలువు వాలులో గుండు గురికి పైన తగులుతుంది. అందుకని కొంచెం కిందికి గురి చూడాలి. ఇవన్నీ వేల తూటాలు కాల్చి నేర్చుకునే సంగతులు. ఆ తూటాలు ఇంగ్లండు నుంచి ఓడల మీద వచ్చేవి. వాటి ఖరీదు జాగీరు రైతు శిస్తులోంచి వచ్చేది.

1869 నుంచి 1911 దాకా హైదరాబాదు గద్దె మీద ఉన్న ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్‌ను జనం తీస్‌మార్‌ఖాన్ అని పిలుచుకున్నారు. ముప్పైకి పైగా పులులను కొట్టాడని ప్రతీతి. గాలిలోకి ఎగరేసిన నాణేన్ని తుపాకితో కొట్టేవాడని కూడా పాతబస్తీలో కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆయన మంచివాడని చెప్పుకునే కథలు కూడా తక్కువేం లేవు. మాకు ఆయన గురి మీద అనుమానం లేదు. ఆ గురి కుదరడానికి ఎంతమంది ఎన్ని రోజులు పని మానుకుని అడవిలో నిలబడ్డారన్నదే మా ప్రశ్న.

దానికి సాక్ష్యంగా ఒక ఫోటో ఉంది. 1902 ఏప్రిల్, మే నెలల్లో వైస్రాయ్ కర్జన్ భార్యతో సహా హైదరాబాదు రాజ్యానికి వేటకు వచ్చాడు. వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర డేరాలు వేశారు. నిజాం దగ్గర ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా ఉన్న రాజా దీన్‌దయాళ్ స్టూడియో ఆ సందర్భాన్ని ఫోటో తీసింది. చచ్చిన పులి, చేతుల్లో తుపాకులతో దొర, దొరసాని. ప్రపంచమంతటా పుస్తకాల్లో ఆ ఫోటో అచ్చయింది. వలసపాలన గురించి రాసే ప్రతివాళ్ళూ దాన్ని వాడుకున్నారు. దాని కింద దొర పేరు ఉంటుంది, దొరసాని పేరు ఉంటుంది, ఊరి పేరు ఉంటుంది, ఏడాది ఉంటుంది. ఆ పులిని ఆ తుపాకి ముందుకు తోలుకొచ్చినవాళ్ళ పేర్లు ఉండవు.

తోలుకొచ్చే పనిని హాకా అంటారు. అది ఎట్లా జరుగుతుందో తెలియకపోతే ఆ ఫోటో అర్థం కాదు. ముందు రోజుల్లో ఒక దున్నపిల్లను అడవిలో కట్టేస్తారు. పులి దాన్ని చంపి తిని, పక్కనే నీడలో పడుకుంటుంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వందలమంది మగవాళ్ళను పిలిపించి మూడు వైపులా నిలబెడతారు. నాలుగో వైపు మచాన్ మీద దొర ఉంటాడు. పక్కలకు చెట్ల మీద కొందరు కూర్చుంటారు. పులి అటు మళ్ళితే కొమ్మ మీద తట్టి, దగ్గి దాన్ని మళ్ళీ దారికి తేవాలి. మిగతావాళ్ళు డప్పులు, రేకు డబ్బాలు కొట్టుకుంటూ, కేకలు వేసుకుంటూ నడవాలి. చేతిలో కట్టెనో గొడ్డలో ఉంటుంది, తుపాకి ఉండదు. దొర గురి కుదిరితే పులి పడుతుంది. కుదరకపోతే దెబ్బతిన్న పులి వెనక్కి తిరిగి ఆ డప్పుల వరసలోకే వస్తుంది. దొర మచాన్ మీదే ఉంటాడు.

చాంద్‌మారీ ఎందుకు ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. మచాన్ మీద ఉన్నవాడి గురికీ, నేల మీద ఉన్నవాడి ప్రాణానికీ మధ్య ఒక్క లబ్‌లబీ ఉంది. తప్పిన గురికి శిక్ష పడేది కాల్చినవాడికి కాదు. దెబ్బ తగిలి పారిపోయిన పులిని రక్తపు చుక్కలు చూసుకుంటూ పొదల్లో వెతకాల్సింది కూడా ఆ ఊరి షికారీయే. ఆ రోజు దొరకని పులి రేపు పశువుల కాపరి మీద పడుతుంది. మృగాన్ని పట్టే సత్తువ పోయిన కుంటిపులి మనిషిని మరుగుతుందని వేట పుస్తకాలు రాసిన దొరలే ఒప్పుకున్నారు.

హాకాలో ఎవరున్నారు? నల్లమల వైపు చెంచులు, వరంగల్ వైపు కోయలు, ఆదిలాబాద్ వైపు గోండులు, అన్నిచోట్లా లంబాడాలు, మాదిగలు, మాలలు. డప్పు మాదిగల చేతిలో ఉంది కనుక డప్పులు మోగే ముందువరస వాళ్ళదే అయ్యేది. గోండు మనిషి అదే అడవిలో తన పొట్టకోసం ఒక దుప్పిని కొడితే నేరం. దొరకోసం పులిని తోలితే ఊడిగం. డేరాకు కట్టెలు, నీళ్ళు, కోళ్ళు, పాలు చేరవేసింది ఊరి వెట్టి. నిజాం రాజ్యంలో అధికారి ఊళ్ళోకి వస్తే చాకలి, కుమ్మరి, మంగలి అందరూ పనులు వదిలి రావలసిందే. అది వేట డేరా అయితే ఇంకా ఎక్కువ రోజులు.

మరి ముసల్మాన్లు ఎక్కడున్నారు? హైదరాబాదు రాజ్యంలో 1941 లెక్కల ప్రకారం ముసల్మాన్లు దాదాపు 13 శాతం. వాళ్ళలో జాగీర్దార్లు, నవాబులు ఎంతమంది? వేళ్ళ మీద లెక్కపెట్టే కుటుంబాలు. మిగిలినవాళ్ళు దూది ఏకారు, తోలు అమ్మారు, జట్కాలు తోలారు, ఇత్తడి గిన్నెలకు కళాయి పూశారు, దర్గాల దగ్గర నెమలీకల కట్టతో ఊదు వేశారు. మాలో కొందరు సర్కారు పటకా కట్టిన చప్రాసీలు, జవాన్లు అయ్యారు. హాకాకు మనుషులను పోగు చేసి తెచ్చిన బెత్తం వాళ్ళ చేతిలో కూడా ఉంది. ఈ మాట మేం దాచిపెట్టం. వెట్టి చేయించిన వరసలో మావాళ్ళు ఉన్నారు, వెట్టి చేసిన వరసలోనూ ఉన్నారు. పాలించిన వరసలో ఉన్నవాళ్ళ పేర్లు మాత్రమే మా అందరికీ ఇంటిపేరుగా తగిలించడం మీదే మా పేచీ. కర్జన్‌తో చేయి కలిపిన నవాబు వారసత్వం నెక్కొండ దూదేకులాయనకు ఏ కోర్టు రాసిచ్చింది?

ఊరి మనిషికి కూడా ఒక తుపాకి ఉండేది. తెలంగాణలో దాన్ని భర్మార్ అన్నారు. మూతి నుంచి మందు దట్టించి, గుడ్డపేలిక కూరి, సీసపు గుళ్ళు పోసి, టోపీ పెట్టి కాల్చే నాటు తుపాకి. ఒక్కసారి పేలితే మళ్ళీ దట్టించడానికి ఒక చుట్ట కాల్చేంత సేపు పడుతుంది. ఈ తుపాకికి చాంద్‌మారీ లేదు. మందు ఖరీదు, సీసం ఖరీదు, టోపీ ఖరీదు. గురిపలక మీద కాల్చి పారెయ్యడానికి పేదవాడి దగ్గర ఏముంది? అతను దూరం నుంచి కొట్టడం నేర్చుకోలేదు, దగ్గరికి పోవడం నేర్చుకున్నాడు. గాలి ఏ వైపు వీస్తోందో మట్టి చల్లి చూశాడు. మడుగు దగ్గర రాత్రంతా కదలకుండా కూర్చున్నాడు. ఇరవై అడుగుల దూరానికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టాడు. దొర చదువు తూటాల మీద సాగితే ఇతని చదువు ఆకలి మీద సాగింది. వేట గ్రంథాలు ఈ రెండో చదువును విద్యగా గుర్తించలేదు. దానికి దొంగవేట అని పేరు పెట్టాయి.

ముసల్మాను వేటగాడికి ఇంకో నియమం ఉంది. నడుముకు కత్తి ఉండాలి. మా ప్రాంతంలో ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో తుపాకి దెబ్బకే ప్రాణం పోయిన జంతువు హలాల్ కాదని చాలామంది ఆలిములు చెప్పారు. కొందరు కాదన్నారు. కాని ఊళ్ళల్లో నడిచింది మొదటి మాటే. గుండు తగలగానే పరుగెత్తి, కొన ఊపిరి ఉండగానే బిస్మిల్లా చెప్పి జబహ్ చెయ్యాలి. అందుకే మా ఇళ్ళల్లో వేటగాడి గొప్పను గురితో కొలిచినట్టే కాళ్ళతో కూడా కొలిచేవాళ్ళు. తెలంగాణ ఊళ్ళల్లో పండగకు యాటను కొయ్యడానికి సాయిబును పిలవడం మొన్నటిదాకా మామూలు. వేటలోనూ అంతే. జట్టులో కోయ ఉన్నా, ముదిరాజు ఉన్నా, తెలగ ఉన్నా కత్తి సాయిబు చేతికిచ్చి అందరూ పోగులు వేసుకుని తిన్నారు. మాంసం చుట్టూ మనుషులను విడదీసే రాజకీయాలు పెరిగిన ఈ రోజుల్లో ఆ పోగులను గుర్తు చేసుకోవలసి ఉంది.

గురి గురించి మా మతం ఏమంటుందో కూడా చెప్పాలి. ముసల్మాన్లకు ఆయుధమంటే ఇష్టమని ప్రచారం చేసేవాళ్ళు సగం మాటే చెబుతారు కనుక. విలువిద్య నేర్చుకొమ్మని, నేర్చుకున్నాక మరిచిపోవద్దని హదీసులు ఉన్నమాట నిజం. ప్రాణమున్న దేన్నీ సాధనకు గురిగా నిలబెట్టొద్దనే హదీసు కూడా వాటి పక్కనే ఉంది. సాధన ప్రాణం లేని దాని మీదే చెయ్యాలి. హజ్‌కు ఇహ్రామ్ కట్టినవాళ్ళు నేల మీది మృగాన్ని వేటాడకూడదని, తెలిసి చంపితే పరిహారం ఇవ్వాలని ఖురాన్‌లోనే ఉంది. మక్కా పవిత్ర హద్దుల్లో ఎప్పుడూ వేట లేదు. వేటకు హద్దు ఉంటుందని, వేట మూసిన కాలం ఒకటి ఉంటుందని అడవి శాఖలు పుట్టడానికి పన్నెండు వందల ఏళ్ళ ముందే మాకు చెప్పారు. నవాబులు ఆ మాట విన్నారా అంటే, చచ్చిన పులుల లెక్కే జవాబు.

తుపాకి నుంచి ఇంకో దారి కూడా పుట్టింది. 1896లో పుట్టి తల్లీతండ్రీ లేక మేనమామ దగ్గర పెరిగిన సలీం అలీ అనే బొంబాయి పిల్లవాడు చిన్న గాలితుపాకితో పిచ్చుకలను కొట్టేవాడు. ఒకరోజు పడిన పిచ్చుక గొంతు మీద పసుపు మరక కనిపించింది. ఇది ముసల్మాను తినదగిన పిట్టేనా అని సందేహం వచ్చింది. మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్‌జీ ఆ పిల్లవాణ్ణి బొంబాయి సహజచరిత్ర సంఘానికి పంపాడు. అక్కడ మిల్లర్డ్ అనే దొర అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పి, గదుల నిండా ఉన్న పక్షుల నమూనాలు చూపించాడు. ఆ పిల్లవాడే పెద్దయి 1931-32లో నిజాం ప్రభుత్వం డబ్బుతో హైదరాబాదు రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. సంస్థానాల్లో ఆయన చేసిన సర్వేలలో అది తొలి రోజుల నాటిది. తన ఆత్మకథకు ఆ పిచ్చుక పేరే పెట్టుకుని 1985లో అచ్చువేశాడు. ఆయన కూడా తుపాకి పట్టాడు, నమూనాల కోసం పక్షులను కొట్టాడు. కాని ఆయన లెక్క పడినవాటిది కాదు, బతికున్నవాటిది. తీస్‌మార్‌ఖాన్‌ను గుర్తుపెట్టుకున్న మా పాఠ్యపుస్తకాలు సలీం అలీ హైదరాబాదు అడవుల్లో తిరిగిన సంగతి చెప్పవు. తుపాకి పట్టిన ముసల్మాను నవాబూ టెర్రరిస్టూ కాకపోతే ఆ బొమ్మ ఎవరికీ అక్కర లేదేమో.

వేటకని కొన్న తుపాకులు వేటకే పరిమితం కాలేదు. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అంతకుముందే 1940 ప్రాంతంలో కామారెడ్డిగూడెం షేక్ బందగీ తన భూమి కోసం అదే దేశ్‌ముఖ్‌తో కోర్టులో పోరాడి, ఆ దొర మనుషుల చేతిలో హతమయ్యాడు. బందగీ ముసల్మాను, కొమరయ్య కురుమ. దేశ్‌ముఖ్ హిందువు, పైన నిజాం ముసల్మాను. ఈ నాలుగు పేర్లు పక్కపక్కన పెట్టుకుంటే తెలంగాణ పోరాటం మతాల తగవు కాదని పిల్లవాడికి కూడా తెలుస్తుంది. ఆ పోరాటంలో దళాలు దొరల గడీల నుంచి గుంజుకున్న తుపాకులతో, ఊరి భర్మార్లతో గురి నేర్చుకున్నాయి. అడవి దారులు తెలిసిన పాత వేటగాళ్ళు వాళ్ళకు కళ్ళయ్యారు. హాకాలో నడిచిన మనిషి మొదటిసారి తుపాకికి వెనక నిలబడ్డాడు.

అదే కాలంలో ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ళ మీద పడ్డారు. వాళ్ళు చేసిన హత్యలు, దోపిడీలు, మానభంగాలు మేం మరవలేదు. వాళ్ళను ఎదిరించి రాసిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాదు నడివీధిలో తుపాకితో కాల్చి, చెయ్యి నరికి చంపారు. రజాకారు తుపాకి కలం పట్టిన ముసల్మానును కూడా గురి చూసింది.

సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. రజాకార్ల ఆయుధాలు లాక్కున్నారు. అది జరగవలసిందే. ఆ తర్వాత జరిగిందాన్ని చూసి రావడానికి నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్‌ను, ఖాజీ అబ్దుల్ గఫార్‌ను, మౌలానా అబ్దుల్లా మిస్రీని పంపింది. ఎంత తక్కువగా లెక్కగట్టినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని వాళ్ళు రాశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ. ఆ నివేదికను దశాబ్దాలపాటు జనం చదవకుండా అటకెక్కించారు. నిజాం చనిపోలేదు, రాజ్‌ప్రముఖ్ అయ్యాడు. పెద్ద నవాబులు చాలామంది బతికారు. పోయినవాళ్ళు ఎక్కువగా ఊళ్ళల్లో ఉన్నవాళ్ళు. వాళ్ళలో రజాకారు ఎవరు, దూదేకులవాడు ఎవరు అని గుంపులు అడిగి చంపలేదు. మచాన్ మీదివాడు తప్పు చేస్తే నేల మీదివాడు చావడం మేం హాకాలోనే చూశాం. 1948లో మళ్ళీ చూశాం.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. షికారు డేరాలు మడిచారు. 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. దాన్ని కోరిన మొదటి రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మొదట్లో ఆ చట్టం కింద కొన్ని జంతువుల వేటకు లైసెన్సులు ఇచ్చే వీలుండేది. 1991 సవరణతో అదీ పోయింది. వేటకాలం అనేదే లేకుండాపోయింది. మంచిదే అయింది. హైదరాబాదులో నిజాం వేటమైదానంగా ఉన్న చోటు 1975లో మహావీర్ హరిణ వనస్థలి అయింది. నవాబుల గురికి మిగిలిన కృష్ణజింకలు అక్కడ బతికాయి. ఆ పార్కు బోర్డు చదివి వెళ్ళే పిల్లలకు నిజాం వేటాడాడని తెలుస్తుంది. ఆ మైదానంలో జింకలను తోలినవాళ్ళ మాట బోర్డు మీద ఎవరైనా రాస్తారా?

దొరల పులుల తలలు గోడలకు వేలాడుతూనే ఉన్నాయి. ఉచ్చులో కుందేలు పడితే చెంచు మీద కేసు. ఇదే అడవి న్యాయం. 2018 నవంబరులో మా ఆదిలాబాదును ఆనుకుని ఉన్న యవత్మాల్ జిల్లాలో 13 మంది చావుకు కారణమన్న ఆడపులిని కాల్చారు. కాల్చింది హైదరాబాదు షికారీ కుటుంబం మనిషి. ఆ కాల్పు సరైందా కాదా అని దేశమంతా వాదులాడింది. పులి గురించి మాట్లాడారు, తుపాకి గురించి మాట్లాడారు. చనిపోయిన పల్లెజనం పేర్లు ఎంతమందికి తెలుసు? కర్జన్ ఫోటో కింద లేని పేర్లు నూట పదహారేళ్ళ తర్వాత కూడా లేవు.

ఇప్పటి చాంద్‌మారీ మారింది. పది మీటర్ల దూరంలో కాగితం. దాని నడుమ పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు. 2012లో హైదరాబాదులో సాధన చేసిన గగన్ నారంగ్ ఆ పోటీలో లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. ప్రాణం లేని గురి, అదే ఊపిరి బిగింపు, అదే మెల్లని నొక్కు. ఇది మాకు ఇష్టమైన చాంద్‌మారీ. కాని పోటీకి పనికొచ్చే గాలిరైఫిల్ ఖరీదు లక్షల్లో ఉంది. పాతబస్తీ పిల్లవాడికి దొరికే రైఫిలు ఉర్సులోనూ, నుమాయిష్‌లోనూ బెలూన్లు కొట్టే తుపాకి ఒక్కటే. పది రూపాయలకో ఇరవైకో నాలుగు ఛర్రాలు. నాలీ వంకర, మక్ఖీ వంకర. ఆ వంకరను కనిపెట్టి దానికి తగ్గట్టు పక్కకు గురి చూసి బెలూను పగలగొట్టే పిల్లలు మా గల్లీల్లో ఉన్నారు. వాళ్ళు పెద్దయి గడ్డం పెంచుకుని అదే చూపుతో రైల్వే స్టేషన్లో నిలబడితే సంచీ విప్పి చూపించమంటారు. అదే చూపుకు మైదానం ఇస్తే పతకం వస్తుందని ఎవరూ అనుకోరు.

మేం తుపాకులు అడగడం లేదు. వేటకాలం మళ్ళీ రావాలని కోరడం లేదు. నవాబుల పులితోళ్ళు మాకొద్దు, వాటి పరువూ వద్దు, వాటి నిందా వద్దు. మాకు మా పేర్లు కావాలి. చరిత్ర రాసే మిత్రులకు, ముఖ్యంగా దళిత, ఆదివాసీ, బహుజన మిత్రులకు మా మనవి ఒకటే. నెక్కొండ, నర్సంపేట, మన్ననూరు, జన్నారం చుట్టుపక్కల ఊళ్ళల్లో హాకాకు పోయినవాళ్ళ కొడుకులు, కూతుళ్ళు ముసలివాళ్ళై ఇంకా ఉన్నారు. వాళ్ళ నాన్నలు ఏ చెట్టు మీద కూర్చున్నారో, ఎవరు గాయపడ్డారో, డేరాకు ఎన్ని కోళ్ళు పోయాయో, ఎవరు పైసలిచ్చారో ఎవరు ఎగ్గొట్టారో వాళ్ళకు చెప్పి ఉంటారు. కాగితం కలం పట్టుకుని వాళ్ళ దగ్గరికి పోదాం. మీరు కోయగూడేనికి పొండి, మేం దూదేకుల వాడకు పోతాం. తెచ్చినవి ఒకచోట పెట్టుకుని చదువుకుందాం. ఆలస్యం చేస్తే ఆ ఇళ్ళల్లో చెప్పేవాళ్ళు కూడా మిగలరు.